ఆపరేషన్ వద్దన్నాక

థియేటర్లోకి తీసుకెళ్ళడానికి ఇంకో అరగంట ఉందనగా నర్సు రెండు కాగితాలు తెచ్చి సంతకం పెట్టమంది. ఒకటి సిజేరియన్‌కి. రెండోది ట్యూబులు కట్టడానికి. ఆ రెండోదాని సంగతి అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా పెట్టి ఉంచారు.

"ఇదెందుకు?" అన్నాను.

"సెకండ్ కదమ్మా. సెకండ్‌కి అందరూ చేయించేసుకుంటారు" అంది, ఇడ్లీలోకి కారప్పొడి వేయమంటారా అన్నంత మామూలుగా.

డాక్టరమ్మ వచ్చారు. మంచావిడే, తొమ్మిది నెలలూ బాగా చూశారు. "పొట్ట ఎలాగూ తెరుస్తాం. ఇంకో ఐదు నిమిషాల పని. మళ్ళీ వేరే కోత ఉండదు, వేరే ఖర్చూ ఉండదు" అన్నారు. వద్దు మేడమ్ అన్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తోచక "మేం ఆర్సీఎం వాళ్ళం" అన్నాను, రోమన్ కథోలికులం అని. ఆవిడ నవ్వేశారు. "నా దగ్గర పురుడు పోసుకున్న క్రిస్టియన్లంతా చేయించుకునే వెళ్ళారమ్మా."

అది అబద్ధమేమీ కాదు. మా అమ్మకి అయింది. మా అత్తయ్యకి అయింది. ఆదివారం గుడిలో నా పక్కన కూర్చునే ఆడవాళ్ళలో కానిదెవరికో చెప్పమంటే నేను చెప్పలేను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి అరవై మందికి పైగా ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, ఆంధ్రలో అంతకన్నా ఎక్కువ. మగవాళ్ళ సంగతి వేళ్ళ మీద లెక్క. మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆడదాని పొట్ట మీద కోత అనే అర్థం.

మా ఆయన బయట ఉన్నారు. లోపలికి పిలిపించి అడిగారు. ఆయన నా వైపు చూసి "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటలో సగం గౌరవం ఉంది, సగం తప్పించుకోవడం ఉంది. అప్పుడు నాకు మొదటి సగమే వినిపించింది. రెండో కాగితం మీద "నాకు ఇష్టం లేదు" అని రాయించి సంతకం తీసుకున్నారు.

నిజం చెప్పాలంటే అది భక్తి కాదు. ఇలాంటి ఆపరేషన్ మా సభ ఒప్పుకోదని చిన్నప్పుడు ఫిరంగిపురంలో సత్యోపదేశం క్లాసులో, అంటే గుడిలో చెప్పే మతపాఠాల్లో, విన్నది ఎక్కడో లీలగా ఉంది. అంతకన్నా, నన్ను అడక్కుండా పెన్సిల్ గుర్తు పెట్టడం నచ్చలేదు. మొండితనం అనుకోండి.

పిల్లాడిని చూడటానికి వచ్చినవాళ్ళు మొదట "ఎన్ని కేజీలున్నాడు?" అన్నారు, తర్వాత "ఆపరేషన్ అయిపోయిందిగా?" అన్నారు. లేదంటే ముఖాలు అదోలా పెట్టారు. ఒక పాప, ఒక బాబు, ఇంకేం కావాలి? అత్తయ్య మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు నడుముకి గుడ్డ బిగించి కడుతూ "మీ మావయ్యకి నలభై రూపాయల జీతమప్పుడు కూడా నేను ఇంత ధైర్యం చేయలేదమ్మా" అంది.

ఆరు వారాల చెకప్‌లో డాక్టరమ్మ ఈసారి కాస్త గట్టిగానే చెప్పారు. రెండు సిజేరియన్లయ్యాయి, కుట్టు లోపల గట్టిపడాలి, కనీసం రెండేళ్ళు గర్భం రాకూడదు. కాపర్-టీ వేయమంటారా, ఇంజెక్షనా, మాత్రలా, ఏదో ఒకటి తేల్చుకుని రమ్మన్నారు. ఆటోలో ఇంటికొస్తూ మా ఆయన "మరి ఇప్పుడేం చేద్దాం?" అన్నారు. పెళ్ళై ఆరేళ్ళైనా ఈ విషయం మీద ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే. నా దగ్గర జవాబు లేదు.

పెళ్ళికి ముందు వివాహ సిద్ధపాటు తరగతులకి వెళ్ళాం. రెండు రోజులు. అందులో దీని గురించి అరగంట చెప్పారు. ముప్ఫై జంటల మధ్య కూర్చుని బోర్డు మీద గర్భాశయం బొమ్మ చూడలేక అందరం తలలు దించుకున్నాం, వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు, టీ బ్రేక్ వచ్చింది. అంతే. సర్టిఫికెట్ మాత్రం ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉంది.

సరే, విచారణ గురువుల దగ్గరికి, అంటే మా గుడి ఫాదర్ గారి దగ్గరికి, వెళ్దాం అన్నాను. కుర్ర ఫాదర్ గారు. ఆఫీసు గదిలో జ్ఞానస్నానాల రిజిస్టరు ముందేసుకుని ఏదో రాస్తున్నారు. విషయం చెప్పేసరికి పెన్ను మూత తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం. ఆయన ఇబ్బంది చూసి నా ఇబ్బంది పోయింది.

ఆయన మొదట చెప్పిన మాట నేను ఊహించింది కాదు. ఎంతమంది పుడితే అంతమందిని కనమని శ్రీసభ, అంటే మా కథోలిక సభ, చెప్పదు అన్నారు. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు మనీలా నుంచి తిరిగి వెళ్తూ విమానంలో విలేకరులతో, మంచి కథోలికులు కావాలంటే కుందేళ్ళలా కనాలనుకోవడం పొరపాటు అన్నారట. బాధ్యతగా కనడం, ఎడం పాటించడం, బలమైన కారణం ఉంటే ఆగిపోవడం కూడా తప్పు కాదు. పేచీ అంతా ఎలా ఆగుతాం అన్నదాని దగ్గరే. 1968 జులై 25 తేదీతో ఆరవ పౌలు పోపుగారు రాసిన 'హ్యుమానే వీటే' అనే లేఖలో ఉన్నది ఇదీ అని చెప్పారు: భార్యాభర్తల కలయికలో ఇద్దరూ ఒకటి కావడమూ ఉంది, బిడ్డకి చోటివ్వడమూ ఉంది. ఈ రెండిటినీ మనిషి తన చేత్తో విడదీయకూడదు. అందుకని మాత్ర, తొడుగు, కాపర్-టీ, ఆపరేషన్, ఏదీ కూడదు. కానీ దేవుడు ఆడదాని ఒంట్లో నెలలో ఎక్కువ రోజులు గర్భం రాని రోజులుగానే పెట్టాడు. సరైన కారణం ఉన్నప్పుడు ఆ రోజుల్లోనే కలవడం తప్పు కాదు.

"ఫలితం ఒకటే కదా ఫాదర్? ఇప్పుడు బిడ్డ వద్దు అనుకోవడమే కదా రెండూనూ?" అన్నాను. ఈ ప్రశ్న ఎవరికైనా వస్తుంది.

"అడిగినదానికి జవాబు చెప్పకుండా ఊరుకోవడం వేరు, అబద్ధం ఆడటం వేరు కదమ్మా. రెండిట్లోనూ అవతలివాడికి నిజం తెలియదు" అన్నారు.

సగం నచ్చింది. మిగతా సగం నాలో ఇప్పటికీ నానుతూనే ఉంది. తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, ఈ లేఖకి ముందు పోపుగారికి సలహా ఇవ్వడానికి ఒక కమిషన్ ఉండేది. 1963లో ఇరవైమూడవ యోహాను పోపుగారు మొదలుపెట్టారు. అందులో ఎక్కువమంది 1966లో మార్పు చేయవచ్చనే చెప్పారు. ఆరవ పౌలు పోపుగారు ఒప్పుకోలేదు, గర్భనిరోధకాలు కూడదని 1930లో పదకొండవ పయస్ పోపుగారు చెప్పినదాన్నే నిలబెట్టారు. అంతమంది పెద్దలకి కుదరని ఏకాభిప్రాయం మా ఇద్దరికీ ఒక్క సాయంత్రంలో కుదరాలంటే ఎలా? ఇంకో తమాషా, మన ప్రభుత్వం నిరోధ్ తొడుగుల్ని బజార్లోకి తెచ్చింది కూడా ఆ 1968లోనే. రోములో ఒకటి, ఢిల్లీలో ఒకటి. ఊళ్ళో మా తాతయ్య వాళ్ళు ఈ రెండిట్లో దేని గురించి ముందు విన్నారో నాకు చెప్పేవాళ్ళు లేరు గానీ, గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తు, ఎర్ర త్రికోణం, ఉండేదని అమ్మ చెప్పేది.

లేచేటప్పుడు ఫాదర్ గారు ఒక నంబరు రాసిచ్చారు. "మీ ప్రశ్నకి సగమే నా దగ్గరుంది. మిగతా సగం చెప్పేది ఆంటీ" అన్నారు, పెన్ను మూత చివరిసారిగా పెడుతూ.

ఆంటీ రిటైరైన నర్సు. సికింద్రాబాద్‌లో ఒక గుడి వెనక గదిలో శనివారం సాయంత్రాలు ఆ గర్భం రాని రోజుల్ని గుర్తుపట్టడం నేర్పేవారు. హబ్సిగూడలో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి, చంకలో పిల్లాడిని వేసుకుని వెళ్ళాం. మొదటి రోజు నాలుగు జంటలు రావాలి. వచ్చింది నలుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. ఆంటీ ఆ ఖాళీ కుర్చీలని చూసి "ఆ ఇద్దరినీ వచ్చేవారం తీసుకురండి. లేకపోతే మీరూ రావద్దు. ఇది ఒక్కరు నేర్చుకునే విద్య కాదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నిజంగానే అన్నారు. తర్వాతి వారం ఒక జంట మానేసింది.

అసలు కష్టం మాటలతో వచ్చింది. ఈ పద్ధతంతా ఆడవాళ్ళకి కనబడే తడి మీద ఆధారపడింది. దానికి తెలుగులో మనకున్న మాట ఒక్కటే, తెల్లబట్ట. తెల్లబట్ట అంటే రోగం. చిన్నప్పటినుంచీ అది నీరసం తెస్తుందని, నడుం నొప్పికి అదే కారణమని, సబ్జా గింజలు నానబెట్టి తాగమని విన్నదాన్ని. అది ఆరోగ్యానికి గుర్తు, అది లేకపోతే గర్భమే నిలవదు అని ఆంటీ చెబుతుంటే నాకూ నా పక్కనున్న అమ్మాయికీ నోట మాట లేదు. ముప్ఫై రెండేళ్ళ వయసు, ఇద్దరు పిల్లల తల్లిని, ఎం.కామ్. చదివాను, నా ఒంటి గురించి నాకు తెలిసింది గుండుసున్నా. ఆంటీ తెల్లబట్ట అనే మాటని ఆ గదిలో నిషేధించారు. పొడి, తడి, జిగట, జారుడు. ఈ నాలుగు మాటలు చాలన్నారు. రాత్రి పడుకునే ముందు ఆ రోజంతా ఎలా అనిపించిందో గుర్తు తెచ్చుకుని ఒక మాట రాయాలి. వేళ్ళతో వెతుక్కోవడాలు లేవు, నడుస్తున్నప్పుడు, కూర్చున్నప్పుడు తెలిసేదే చాలు.

ఇది బిల్లింగ్స్ పద్ధతి. జాన్ బిల్లింగ్స్ అనే డాక్టరు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1953లో మొదలుపెట్టారు, తర్వాత ఆయన భార్య ఎవెలిన్, ఆవిడా డాక్టరే, కలిశారు. అంతకుముందు ఉన్నది క్యాలెండర్ లెక్క, జపాన్‌లో ఓగినో, ఆస్ట్రియాలో క్నాస్ అనే డాక్టర్లు విడివిడిగా కనిపెట్టింది. నెల నెలా ఠంచనుగా వచ్చేవాళ్ళకే అది కాస్తో కూస్తో పనికొస్తుంది. బాలింతకి క్యాలెండరే లేదు, ఇంక లెక్కెక్కడిది? మదర్ తెరెసా సిస్టర్లు కోల్‌కతా మురికివాడల్లో ఈ సహజ పద్ధతులు నేర్పారు, 1979లో నోబెల్ బహుమతి అందుకునేటప్పుడు ఆవిడ ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పారు. చదువు రానివాళ్ళు కూడా నేర్చుకున్నారంటే నీకేం తల్లీ అనేది ఆంటీ.

రాసే పద్ధతి స్టిక్కర్లతో. రక్తం కనబడితే ఎరుపు. పొడిగా ఉంటే ఆకుపచ్చ. మార్పు ఏదైనా కనబడితే తెలుపు, దాని మీద పాపాయి బొమ్మ. రోజూ ఒకేలా మార్పు లేకుండా ఉండే తడికి పసుపు. అండం బతికేది ఒక రోజు లోపే. మగవాడి కణాలు మాత్రం మంచి తడి దొరికితే ఐదు రోజుల దాకా బతికే ఉంటాయి. చిక్కంతా అక్కడే. అందుకని తడి మొదలవగానే ఆగిపోవాలి. జారుడు తడి ఆఖరిసారి తెలిసిన రోజుని పీక్ అంటారు. అది ఆఖరిది అని మర్నాడు గానీ తెలియదు. దాని తర్వాత మూడు రోజులు లెక్కపెట్టి, నాలుగో రోజు నుంచి మళ్ళీ నెలసరి వచ్చేదాకా భయం లేదు. పీక్‌కి ముందు వచ్చే పొడి రోజుల్లో మాత్రం రోజు విడిచి రోజు, అదీ రాత్రిళ్ళే. ముందు రాత్రి తాలూకు తడి మర్నాటి లెక్కని చెడగొడుతుంది గనక.

థర్మామీటరు పద్ధతి కూడా ఒకటుందని నేనే వెతికి పట్టుకున్నాను. లెక్కలంటే నాకు ఇష్టం, నాచారంలో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. అండం విడుదలయ్యాక ఒంటి వేడి కొద్దిగా, అర డిగ్రీ సెంటీగ్రేడ్ లోపే పెరుగుతుంది. ఆ తేడా పట్టుకోవాలంటే జ్వరం చూసే థర్మామీటరు చాలదు, పాయింటు తర్వాత రెండు అంకెలు చూపించేది కావాలి. ఆన్‌లైన్లో తెప్పించాను. పొద్దున్నే మంచం దిగకముందే చూడాలి, అంతకుముందు కనీసం మూడు గంటలైనా ఏకధాటిగా నిద్రపోయి ఉండాలి. నెలల పిల్లాడున్న ఇంట్లో మూడు గంటల నిద్ర! వారం రోజుల నా గ్రాఫు చూసి ఆంటీ "ఇదేమిటమ్మా, షేర్ మార్కెట్టా?" అన్నారు. థర్మామీటరు డబ్బాలో పెట్టేశాను.

మొదటి ఆరు నెలలు సులువుగానే గడిచాయి. బిడ్డకి ఆరు నెలలు నిండకుండా ఉండాలి, నెలసరి మళ్ళీ మొదలవకుండా ఉండాలి, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప వేరే ఏమీ పట్టకుండా ఉండాలి. ఈ మూడూ కలిస్తే నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు గర్భం రాదని డాక్టర్లు కూడా ఒప్పుకుంటారు. "పాలిచ్చినన్నాళ్ళూ ఫరవాలేదు" అని అత్తయ్య కాలంవాళ్ళు అనేదాంట్లో నిజం ఇంతవరకే. నెలసరి రాకముందే అండం విడుదల కావచ్చు. ఆ సంగతి తెలియకే ఏడాది తేడాతో పిల్లలున్న ఇళ్ళు మనకి తెలిసినవే ఎన్నో.

అన్నప్రాసనకని పిల్లాడికి పాయసం నాకించామో లేదో నా కష్టాలు మొదలయ్యాయి. నేను ఉద్యోగానికి తిరిగి వెళ్ళాను, పాలు తగ్గాయి. ఇంక ఒళ్ళు ఎటూ తేల్చుకోదు. రెండు రోజులు పొడి, ఒక రోజు జిగట, మళ్ళీ పొడి. మార్పు కనబడ్డ ప్రతిసారీ ఆగాలి, పొడి వచ్చాక ఇంకో మూడు రోజులు ఆగాలి. ఆ మూడో రోజుకి మళ్ళీ మార్పు. అలా వరసగా ఇరవై నాలుగు రోజులు పాపాయి స్టిక్కర్లే అంటించాను. ఆ పైన మా ఆయనకి నైట్ షిఫ్టులు. దొరికే రెండు రాత్రులూ తెలుపే.

ఒకరోజు ఆయన పేలిపోయారు. "ఇది కుటుంబ నియంత్రణ కాదు, మొగుడి నియంత్రణ" అన్నారు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. "నీ ఇష్టం అన్నది మీరే కదా" అన్నాను. "నీ ఇష్టం అన్నాను, నా కష్టం అడగలేదు నువ్వు" అన్నారు. పిల్లలు నిద్రపోతున్నారని గొంతు తగ్గించి పోట్లాడుకున్నాం. వంటింట్లో, లైటు వేసుకోకుండా, అర్ధరాత్రి దాటేదాకా. ఆయనకి మూడో బిడ్డంటే భయమని అప్పుడు తెలిసింది. ఫ్లాటు కంతులు, మావయ్యగారి మందులు, ఇవి కాదు. రెండో కాన్పప్పుడు నాకు రక్తం ఎక్కువ పోయిందట. అది నాకెవరూ చెప్పలేదు. థియేటర్ బయట బ్లడ్ బ్యాంకుకి పరిగెత్తింది ఆయన. ఆ భయాన్ని మనసులో పెట్టుకుని, డాక్టరమ్మ అడిగినప్పుడు "నీ ఇష్టం" అన్నారు. నేనేమో ఆయన తప్పించుకున్నారని లోపల్లోపల ఇన్నాళ్ళుగా తిట్టుకుంటున్నాను.

ఆ రాత్రి తర్వాత స్టిక్కరు అంటించే పని ఆయన తీసుకున్నారు. నేను మాట చెప్పాలి, ఆయన రంగు చూసి అంటించాలి. ఆంటీ మొదటి రోజే చెప్పారు, భర్తే రాస్తే మంచిదని. మేం వినలేదు.

దీంట్లో నవ్వుకునేవీ ఉన్నాయి. చార్టు కంటే ముందు నేను వంటింటి క్యాలెండర్లో చిన్న చుక్క పెట్టేదాన్ని. అదే క్యాలెండర్లో మా ఆయన గ్యాస్ సిలిండర్ మార్చిన రోజు చుక్క పెడతారు. ఒక నెల ఆయన నా చుక్క చూసి సిలిండర్ బుక్ చేశారు. ఇంకోసారి మా పాప, అప్పటికి యూకేజీ, పాపాయి స్టిక్కర్ల షీటు దొరకబుచ్చుకుని స్కూలు డైరీ నిండా అంటించుకుని వెళ్ళింది. టీచరు "బావున్నాయి, ఎక్కడ కొన్నారు మేడమ్?" అని అడిగింది. సికింద్రాబాద్ అని ఊరుకున్నాను.

పదకొండో నెలలో నాకు జ్వరం, జలుబు, యాంటీబయాటిక్స్. ఆ వారం తడి ఏదో, జబ్బు తాలూకు నీరసం ఏదో తెలియలేదు. పొడి అనుకుని ఆకుపచ్చ పెట్టిన ఒక రోజు నిజంగా ఆకుపచ్చ అవునో కాదో అని తర్వాత అనుమానం వచ్చింది. పదహారు రోజులు టెన్షన్. ఆఫీసులో జీఎస్టీ రిటర్ను అంకెలు రెండుసార్లు తప్పు వేశాను. గుణదల మాతకి మొక్కుకున్నాను, ఏమని మొక్కుకోవాలో తెలియక "నువ్వే చూసుకో తల్లీ" అన్నాను. మెడికల్ షాపులో కిట్టు కొంటే ఒకే గీత వచ్చింది. బాత్రూం తలుపు తీసేసరికి మా ఆయన బయటే నిలబడి ఉన్నారు. లేదని తలూపాను. ఆయన ఊపిరి వదిలారు, కానీ ముఖంలో ఒక్క క్షణం ఇంకేదో కనబడింది. నేను అడగలేదు.

ఆ తర్వాత శనివారం ఆంటీతో కాస్త దురుసుగానే మాట్లాడాను. ఆవిడ ఎప్పుడూ నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు పనిచేస్తుంది అంటారు. నేను లెక్కలు తీసుకెళ్ళాను. నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే ఆ అంకె దగ్గరికి రావచ్చు. మామూలు మనుషులు మామూలుగా పాటిస్తే మాత్రం, అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ లెక్క ప్రకారం, ఏడాదిలో వందమందిలో ఇద్దరి నుంచి ఇరవై ముగ్గురి దాకా, ఏ పద్ధతి అన్నదాన్ని బట్టి, గర్భం వస్తుంది. ట్యూబులు కట్టించుకున్నవాళ్ళలో వందకి ఒక్కరు కూడా ఉండరు. ఇది ముందే చెప్పాలి కదా ఆంటీ అన్నాను. చెప్పకుండా నేర్పడం తప్పని ఇప్పటికీ అంటాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివి, "నిజమే. ఇకనుంచి రెండు అంకెలూ చెబుతాను" అన్నారు. చెబుతున్నారు కూడా.

అదే రోజు ఇంకో ప్రశ్న వచ్చింది, నాది కాదు. మా బ్యాచిలో బోరబండ నుంచి ఒకావిడ వచ్చేది, ఇళ్ళల్లో పనిచేస్తుంది. ముగ్గురు పిల్లలు. భర్త ఒక్కసారి కూడా రాలేదు, ఆవిడని మాత్రం ఆంటీ రానిచ్చేవారు. "తాగొచ్చినోడికి తెల్ల స్టిక్కరు చూపిస్తే ఆగుతాడా అమ్మా?" అంది. గదిలో ఎవరం మాట్లాడలేదు. ఆంటీ చాలాసేపటికి, "ఆగడు. అది స్టిక్కరు తప్పు కాదు, నీ తప్పూ కాదు" అని, క్లాసయ్యాక ఆవిడతో విడిగా గంటసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. ఆవిడ ఆ తర్వాత రాలేదు. ఈ బోధన గురించి ఎవరు గొప్పగా చెప్పినా నాకు ఆవిడ గొంతు గుర్తొస్తుంది. ఆరవ పౌలు పోపుగారు తన లేఖలో, గర్భనిరోధకాలకి అలవాటుపడ్డ మగవాడు ఆడదాన్ని వస్తువులా చూస్తాడేమోనని భయపడ్డారు. ఏ సాధనమూ వాడకుండానే అలా చూసేవాళ్ళు మన బస్తీల్లో, అపార్టుమెంట్లలో కూడా ఉన్నారు.

ఆపరేషన్ చేయించుకున్న మా వదిన ఈ సంగతులన్నీ నా దగ్గర విని దిగులు పడింది. అయితే నేను గుడిలో పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం తీసుకోకూడదా అంది. ఫాదర్ గారిని అడిగాం. తెలియక, నలుగురూ చెప్పారని చేయించుకున్నదాని బరువు తెలిసి చేసినదానంత కాదని, పాపసంకీర్తనం చేసుకుని, అంటే గురువు దగ్గర తప్పు ఒప్పుకుని, ప్రశాంతంగా ఉండమని, మళ్ళీ ట్యూబులు తెరిపించుకోవాలని ఎవరూ బలవంతపెట్టరని చెప్పారు. నెలసరి గాడి తప్పే పీసీఓడీ జబ్బుకి డాక్టరు రాసిన మాత్రలు వాడే ఇంకో అమ్మాయికీ అలాగే, జబ్బుకి మందు వాడటం వేరు, దాన్ని ఆ లేఖలోనే ఒప్పుకున్నారు అన్నారు. ఈ రెండు మాటలు గుడిలో ప్రసంగంలో చెబితే ఎంతమందికి మనసు తేలికపడుతుందో. ఎప్పుడూ చెప్పగా వినలేదు.

పద్నాలుగో నెలలో నెలసరి తిరిగి మొదలైంది. నాలుగైదు నెలలకి చార్టు దారిలో పడింది. ఎరుపు, కొన్ని ఆకుపచ్చలు, ఓ ఏడెనిమిది తెలుపులు, మళ్ళీ వరసగా ఆకుపచ్చ. నెలకి పది పన్నెండు రోజులు ఆగాల్సి వస్తుంది. ఆ రోజుల్లో మేం కొట్టుకోం అని అబద్ధం చెప్పను. మా ఆయనకి ఆ రోజుల్లో టీవీ సౌండు పెరుగుతుంది. నాకు చిరాకు పెరుగుతుంది, ఎందుకంటే ఒంటికి నిజంగా కావాలనిపించేది ఆ రోజుల్లోనే, దాని గురించి ఏ క్లాసులోనూ ఎవరూ మాట్లాడరు. కానీ పొద్దున టీ కప్పు అందిస్తూ "నిన్న ఏం రంగు?" అని ఆయన అడగడం, పక్కనే చపాతీ పిండి కలుపుతున్న అత్తయ్య ఏమీ విననట్టు ఉండటం ఇప్పుడు ఇంట్లో మామూలైపోయింది.

మొన్న ఈస్టరు ముందరి తపస్కాలానికి పిల్లాడికి మూడేళ్ళు దాటాయి. డాక్టరమ్మ స్కాన్ చూసి, కుట్టు బాగానే ఉంది, కావాలనుకుంటే ఇంకొకరిని ఆలోచించవచ్చు, సిజేరియనే అవుతుంది గానీ జాగ్రత్తగా చూసుకుంటే భయం లేదు అన్నారు. నవ్వుతూ "ఇంకా ఆ స్టిక్కర్లేనా?" అని కూడా అడిగారు. మందులకి కూడా లొంగని సమస్య ఒకటి వచ్చిపడింది ఇక్కడే. ఫాదర్ గారు చెప్పిన "సరైన కారణం" అనే మాట. ఇన్నాళ్ళూ మా కారణం ఒంట్లో ఉంది, కుట్టులో ఉంది. ఇప్పుడు అది పోయింది. మిగిలినవి ఫ్లాటు కంతులు, నా ప్రమోషను, ఆయన నైట్ షిఫ్టులు. ఇవి సరైన కారణాలా, సాకులా? ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఈ ప్రశ్న ఆ బల్ల మీదే ఆగిపోయేది. ఇప్పుడు ప్రతి నెలా ఎనిమిది తెల్ల స్టిక్కర్లలా వచ్చి కూర్చుంటోంది. నాకు వద్దనే ఉంది, చాలావరకు. ఆయన భయం సంగతి నాకు తెలుసు గనక ఆయనా అంతే అనుకున్నాను.

పోయిన శనివారం చార్టు పుస్తకం అయిపోయిందని సికింద్రాబాద్ వెళ్ళాం. ఆంటీకి మోకాళ్ళ నొప్పులు, అలమారా తాళం మా ఆయనకిచ్చి తీసుకోమన్నారు.

"ఏడాది పుస్తకం ఇవ్వనా బాబూ, ఆరు నెలలదా?"

మా ఆయన అలమారా వైపు తిరిగే, నా వైపు చూడకుండా, "ఆరు నెలలది చాల్లెండి ఆంటీ" అన్నారు. ఫోన్ తీసి డబ్బులు స్కాన్ చేస్తున్నారు. నేను ఆయన వీపు వైపే చూస్తూ నిలబడిపోయాను. పిల్లాడు నా కొంగు లాగుతున్నాడు, మెట్రో ఎక్కుదాం పద అని.